రెండు సున్నల ఎనిమిది

పోయిన చలికాలం కరీంనగర్‌లో స్టాంపుల ప్రదర్శన పెట్టిండ్రు. అందులో బడిపిల్లలకు బొమ్మల పోటీ కూడ ఉన్నది, వచ్చి చూసి బహుమతులు తేల్చి పోవాలె అని నన్ను పిలిచిండ్రు. ముప్పై యేండ్లు డ్రాయింగ్ టీచరుగ చేసి దిగిపోయినదాన్ని, ఇటువంటి పిలుపులు ఏడాదికి ఒకటో రెండో వస్తుంటయి. పోటీ అయిపోయినంక చాయ్ గ్లాసు పట్టుకొని హాలంత తిరుగుతున్న. ఒక మూలకున్న బోర్డు మీద విక్టోరియా రాణి మొఖమున్న పాత స్టాంపులు కనపడ్డయి. ఎర్రవి, ఊదావి, ఆకుపచ్చవి, ప్రతిదాని మీద నల్లటి ముద్ర. పైన ‘కరీబియన్ దీవుల తొలినాటి తపాలా ముద్రలు’ అని తెలుగులో రాసి ఉన్నది. చదువంగనే ఆడనే నిలబడిపోయిన. ఆ దీవుల పేర్లు, ఆ ముద్రల నంబర్లు ఈ జిల్లాలో నాకు, మా మామకు తప్ప ఇంకెవరికీ తెల్వవని నలభై అయిదేండ్ల నుంచి అనుకుంటున్న.

ఆ బోర్డు పెట్టినామె పేరు మాధవి. నలభై యేండ్లుంటయి, ఇక్కడి కాలేజీలో చరిత్ర చెప్తది. నేను ఒక స్టాంపు దిక్కు వేలు చూపెట్టి, “ఏ, సున్న, ఒకటి. అంటే జమైకాల కింగ్‌స్టన్ గద?” అన్న. ఆమె నోరు తెరిచి నన్నే చూసింది. “మేడం, మీకెట్ల తెలుసు? పొద్దటి నుంచి వచ్చినోళ్లంత ఇవి ఎంతకు పోతయని అడిగెటోళ్లే!” అన్నది. నాకు పాణం లేచొచ్చినట్టయింది. “మా మామ నేర్పిండు. చిన్నప్పుడు కాగజ్‌నగర్‌ల మేమిద్దరం వీటి మీద పరిశోధన చేసినం” అన్న, తల జర పైకెత్తి. ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి ఆ దీవుల్లో ఒక్కో పోస్టాఫీసుకు ఒక్కో నంబరు ముద్రను పంపిండ్రని, ఆ నంబరును బట్టి ఉత్తరం ఏ ఊరి పోస్టాఫీసులో పడ్డదో చెప్పొచ్చని, పెద్ద ఊళ్ల ముద్రలు ఎక్కడబడితే అక్కడ దొరుకుతయి గని చిన్న ఊళ్లవి దొరకవని, అందుకే వాటికి అంత విలువని నేనే ఆమెకు చెప్తున్న. ఆమె నవ్వుకుంట తలూపుతున్నది. తరువాత నా చెయ్యి పట్టుకొని, “మీరు తప్పకుంట చూడవల్సింది ఒకటున్నది” అని చివరి బోర్డు దగ్గరికి తీసుకపోయింది.

ఆ బోర్డు మీద దొంగ ముద్రలున్నయి. ఆంటిగ్వా దీవిలో ఇంగ్లిష్ హార్బర్ అని ఒక చిన్న రేవు ఊరు, దాని నంబరు ఏ-18. అసలుది చానా అరుదు. మాధవి పక్కపక్కన రెండు పెద్ద ఫోటోలు పెట్టింది, ఒకటి అసలుది, ఒకటి నకిలీది. “ఈ ఎనిమిదిని చూడుండ్రి మేడం. అసలు దాంట్ల గీతలు నడుమల ఒకదాని మీది నుంచి ఒకటి దాటిపోతయి. నకిలీ దాంట్ల రెండు సున్నలు ఒకదాని మీద ఒకటి కూసున్నయి. వీటిని ‘రెండు సున్నల ముద్రలు’ అంటం. ఎవరు చేసిండ్రో ఇప్పటికీ తెల్వది. మన దేశం నుంచే పోయినయని మాత్రం తెలుసు. ఎంత బాగ చేసిండ్రంటే, చానేండ్లు పెద్ద పెద్దోళ్లే మోసపోయిండ్రు” అన్నది. నేను ఆ ఫోటోను చూస్తున్న. చిన్నప్పుడు మా ఊరు మెట్‌పల్లి బడిలో నాకు ఎనిమిది అట్లనే నేర్పిండ్రు. ముందుగాల ఒక సున్న చుట్టు, దాని కింద ఇంకొక సున్న చుట్టు. ఆ ఎనిమిది నాది. పక్కనున్న ‘ఏ’ కాళ్ల కిందున్న పాదాలు, చుట్టూరున్న గీతల మందం, అన్నీ నావే. మాధవి ఇంకేమో చెప్తనే ఉన్నది. నేను ఆ బోర్డును ఫోన్‌లో ఫోటో తీసుకొని, కండ్లు తిరుగుతున్నయని చెప్పి ఇంటికొచ్చిన.

మాది మెట్‌పల్లిలో నేతపని చేసుకునే ఇల్లు. బాపుది ఒక మగ్గం, పక్కన ఇంకొకటి ఆయన తమ్ముడిది. పడుగులో పోగు తెగితే అతకవెట్టే పని నాది. ఏడేండ్ల వయసు నుంచే చేస్తుంటి. బాపు పిలిచి, “సుగుణా, జర నీ చెయ్యి తేవే” అనేటోడు. నన్ను రమ్మనేటోడు కాదు, చెయ్యి తెమ్మనేటోడు. నేను అతికిన పోగు బట్టలో ఎక్కడున్నదో మల్ల ఆయనే వెతుక్కుంటే దొరికేది కాదు. “దీని చెయ్యి దేవుడిచ్చిండు” అని వచ్చినోళ్లందరికీ చెప్పుకునేటోడు. మా అవ్వకు ఒక తమ్ముడు ఉండె, కాగజ్‌నగర్ పేపర్ మిల్లు లాబొరేటరీలో నౌకరి. ఒక బతుకమ్మ పండుగకు ఆయన మా ఇంటికొచ్చి, నేను పోగులు అతుకుతుంటే చానాసేపు నిలబడి చూసిండు. పోయే ముందు, “అక్కా, నాకు పిల్లలు లేరు. గీ పిల్లను నాకియ్యి, మంచి బడిల చదివిపిస్త” అన్నడు. ఏడో తరగతి అయినంక నన్ను పంపిండ్రు.

కాగజ్‌నగర్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది వాసన. ఉడికిన వెదురు, గంధకం, మురిగిన గోబీ కలిపినట్టుండేది. మొదటి వారం అన్నం సయించలే. తరువాత ఆ వాసన ఉన్నదన్న సంగతే మరిచిపోయిన. మిల్లు సైరను కూసినప్పుడల్ల ఊరంత కదిలేది. అత్త సైరనుకే పొయ్యి అంటిచ్చేది, సైరనుకే రొట్టె చేసేది. ఆమెది మహారాష్ట్రలో రాజురా దిక్కు ఊరు, మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేది. ప్రతి మాటకు ముందు ‘అగ్గొబాయి’ ఉండాల్సిందే. ఆమె చేసిన పిట్ల, జొన్నరొట్టె, పక్కన దంచిన పచ్చికారం నాకిప్పటికీ నోట్లో నీళ్లూరిస్తయి. శనగపిండి నీళ్లలో కలిపి ఉడకవెట్టేదే పిట్ల, అందులో ఏమున్నదని అడుగుతరు మా పిల్లలు. అత్త చేతిది తినలేదు వాళ్లు.

మామకు కాయితం పిచ్చి. ఇంటికి ఎవరన్న పెండ్లి కార్డు తెస్తే చదివేటోడు కాదు, ముందుగాల దాన్ని కిటికీ దగ్గర ఎండకు పట్టి చూసేటోడు. మూల మడిచి చెవి దగ్గర పెట్టుకొని చప్పుడు వినేటోడు. నాలుక కొసతోని తాకిచ్చి, “దీంట్ల గడ్డి కలిసింది” అనేటోడు. తెచ్చినోళ్లు మొఖాలు మొఖాలు చూసుకునేటోళ్లు. పెండ్లి ఎన్నడో చెప్పాల్సింది అత్తనే. మనిషి సన్నగ, తెల్లంగి, జేబులో ఎప్పుడూ ఒక చిన్న భూతద్దం. నన్ను ‘బిడ్డా’ అనే పిలిచేటోడు, ఒక్కనాడు గట్టిగ అనలే. బడిలో ఇంగ్లీషు రాక నేను ఏడుస్తుంటే, ఆయనే పక్కన కూసొని, ఒక బొంబాయి వ్యాపారి దగ్గర తెప్పిచ్చుకునే స్టాంపుల మీది దీవుల పేర్లతోనే నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పిండు. బార్బడోస్, గ్రెనడా, సెయింట్ లూసియా, మాంట్‌సెరాట్. మా క్లాసు పిల్లలకు హైదరాబాదు ఎక్కడున్నదో తెల్వని రోజుల్లో నేను పటంలో ఆవగింజంత చుక్క మీద వేలు పెట్టి టొబాగో అని చెప్తుంటి. మన దేశపోళ్లను ఓడలెక్కిచ్చి ఆ దీవులకు చెరుకు నరకడానికి తీసుకపోయిండ్రని, వాళ్ల ఉత్తరాల మీద కూడ ఈ ముద్రలే పడి ఉంటయని మామ చెప్తే, ఒక్కో స్టాంపును చేతిలో పెట్టుకొని దాన్ని అంటిచ్చినోళ్లు ఎవరో అని చూస్తుండేదాన్ని.

ఆదివారం పొద్దున తలంటు పోసుకొని, రొట్టె తిని, ఇద్దరం కిటికీ కింది బల్ల దగ్గర కూసునేటోళ్లం. పని ఇది. ఏ ముద్ర కూడ ఒక్క స్టాంపు మీద పూర్తిగ పడదు. సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతది. కవరు ఎన్నడో పోయింది, చేతికొచ్చింది ముక్కనే. అందుకని ఒకే ముద్ర పడ్డ నాలుగైదు స్టాంపులు ముందేసుకొని, ఒకదాంట్ల పై సగం, ఇంకొకదాంట్ల కింది సగం, భూతద్దంలో చూసుకుంట, గళ్ల కాయితం మీద పెద్దగ గీసి కలపాలె. నేను గీసేది. మామ చూసేటోడు. ఒక్కో ముద్రకు నెలరోజులు పట్టేది. గీత సన్నబడ్డ కాడ సన్నగ, సిరా పాకిన కాడ అది పాకుడేనా, అసలు గీతనా అని ఇద్దరం వాదించుకునేటోళ్లం. పదమూడేండ్ల పిల్లతోని ఒక పెద్దమనిషి సమానంగ వాదించేటోడు, ఓడిపోతే ఒప్పుకునేటోడు. అది నాకు ఎంత పెద్ద సంగతో ఇప్పుడు ఎవరికీ చెప్పలేను. ఏ-18 గీసినప్పుడు మా దగ్గరున్న ముక్కల్లో ఎనిమిది నడుము ఒక్కటే మసకగ ఉండె. “నీకెట్ల తోస్తే గట్ల కలుపు బిడ్డా” అన్నడు మామ. నేను నాకొచ్చిన ఎనిమిది వేసిన. ఆయన చూసి, “అదే, గట్లనే ఉంటది” అన్నడు.

“గివన్నీ కలిపి పుస్తకం వేద్దాం. నీ గీతలకు నాగపూర్‌ల అచ్చు బ్లాకులు చేపిస్త. లోపలి పేజీల నీ పేరుంటది, చిత్రాలు సుగుణ అని” అన్నడొకనాడు. ఆ మాట అన్న సాయంత్రం నేను అన్నం తినలేదని అత్త ఇప్పటికీ ఉంటే చెప్పేది. గీసిన ప్రతి కాయితాన్ని ఆయన నాగపూర్ తీసుకపోయేటోడు, వారానికో పది దినాలకో చిన్న జింకు బ్లాకు తెచ్చి నా చేతిలో పెట్టేటోడు. పెద్దగ గీసింది స్టాంపు మీద ముద్రంత చిన్నగ అయి, తిరగేసి, లోహంలో చెక్కి ఉండేది. నేను దాన్ని బొటనవేలుతోని తడుముకుంట కూసుండేదాన్ని. అదెందుకు సరిగ్గ ముద్రంతనే చిన్నగ కావాలె, పుస్తకానికైతే పెద్దగ ఉంటే కనపడుతది గదా అని అడగాలని నాకు తోచలే. కొన్ని ఆదివారాలు మామ పెరట్లో తెల్ల పళ్లేలలో స్టాంపులు కడిగేటోడు. పెన్నుతోని సంతకం చేసిన స్టాంపులవి. ఆ దీవుల్లో రశీదుల మీద, బాండ్ల మీద అంటిచ్చి దస్కత్ పెట్టినవి. ఏదో మందు నీళ్లలో వేస్తే ఆ దస్కత్ కొంచెం కొంచెం పలచబడి మాయమయ్యేది. “పాపం, ఎవరో పేరు రాసుకున్నరు మామా” అంటే, “అది ముద్ర కాదు బిడ్డా, మచ్చ. కడిగితే శుభ్రమైతది” అన్నడు. అత్త వాకిట్లో బియ్యం చెరుగుకుంట, “అగ్గొబాయి, పోరీ, నువ్వు గా ముద్రలు గియ్యకు. కండ్లు పోతయి” అనేది. నాకు ఆమె మీద కోపమొచ్చేది. మా ఇద్దరి చదువు చూసి ఆమెకు ఓర్వలేనితనమనుకున్న.

పదో తరగతిలో అర్ధ సంవత్సరం పరీక్షల ముందు ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి నా బట్టల సందుగ కట్టి వాకిట్లో పెట్టి ఉన్నది. “మీ అత్తకు పాణం బాగలేదు, తల్లిగారింటికి పంపుతున్న. నువ్వు కొన్ని దినాలు మీ ఇంటికి పో” అన్నడు మామ. అత్త తలుపు చాటున నిలబడ్డది, ముందుకు రాలే. మామ మంచిర్యాల దాక నాతోని వచ్చి మెట్‌పల్లి బస్సు ఎక్కిచ్చిండు. కిటికీలో నుంచి ఒక కవరు ఇచ్చి, “మీ బాపుకియ్యి, నలగకుంట తీసుకపో” అన్నడు. బంక పెట్టి అంటిచ్చిన కవరు. నేను దాన్ని సాంఘికశాస్త్రం పుస్తకంలో పెట్టుకొని, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకొని, ఊరొచ్చేదాక దాని మీద నుంచి చెయ్యి తియ్యలే.

బాపు మగ్గం గుంతలో ఉండంగనే ఆ కవరు ఇచ్చిన. ఆయన చదువు అంతంతే. ఒక్కో అక్షరం కూడుకొని చదివిండు. చదివి, మడిచి, మొలకు దోపుకున్నడు. నా దిక్కు చూసి, “తిన్నవా?” అన్నడు. అంతే. మల్ల నన్ను కాగజ్‌నగర్ పంపలే. పదో తరగతి ప్రైవేటుగ కట్టి రాసిన. ‘నీ చెయ్యి తేవే’ అన్న మాట ఆయన నోట్లో నుంచి మల్ల రాలే. పోగు తెగితే కండ్లు చిట్లిచ్చుకొని ఆయనే అతుక్కునేటోడు. ఇంట్లో పైసలుండే సందుగ తాళపుచెవి అంతకుముందు గూట్లో ఉండేది, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేటోళ్లం. నేనొచ్చిన నాటి నుంచి అది ఆయన మొలతాడుకు చేరింది. అది నాతోని సంబంధమున్న సంగతని నేననుకోలే. పెద్దతనం వస్తున్నది, చాదస్తమనుకున్న. డ్రాయింగ్ టీచరు ట్రెయినింగులో సీటొచ్చిందని చెప్తే సంతోషపడుతడనుకున్న. “మల్ల గీసుడేనా? ఇంకేం పని దొరకదా నీకు?” అన్నడు. ఆఖరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు ఒళ్లు తుడిచింది నేను, గంజి తాగిచ్చింది నేను. పించను కాయితం మీద వేలిముద్ర వేపిచ్చేటప్పుడు మాత్రం, “నా తమ్ముణ్ని పిలువు, నువ్వు ముట్టకు” అన్నడు. ఆడపిల్లకెందుకీ తిప్పలు అనుకున్నడేమో అని సర్ది చెప్పుకున్న. తొమ్మిదేండ్లయింది ఆయన పోయి.

ఇన్నేండ్లూ మామ మాత్రం పెండ్లిళ్లకు, దినాలకు కలుస్తనే ఉన్నడు. కలిసినప్పుడల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, “గీస్తున్నవా బిడ్డా?” అనేటోడు. పుస్తకం ఏమైందంటే, “అయితది, అయితది” అనేటోడు. ముప్పై యేండ్లల్లో నా దగ్గర చదివిన ప్రతి క్లాసుకు నేను మా మామ గురించి చెప్పిన. పని అంటే ఏందో, చూసుడు అంటే ఏందో నాకు నేర్పిన గురువని చెప్పిన.

ప్రదర్శన అయిన నాలుగో రోజు కాగజ్‌నగర్ పోయిన. మిల్లు నడుమ కొన్నేండ్లు మూతపడి మల్ల తెరుసుకున్నది. స్టేషన్లో దిగంగనే ఆ వాసన మొఖానికి కొట్టింది. మామకు ఎనభై దాటినయి. నేను వచ్చేసినంక కొన్నేండ్లకు వాళ్లకు ఒక కొడుకు పుట్టిండు, ఆ కొడుకు దగ్గరనే ఉంటున్నడు. అత్త పోయి ఆరేండ్లయింది. కోడలు చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. నేను ఫోన్‌లో ఆ ఫోటో పెద్దగ చేసి ఆయన ముందర పెట్టిన. ఆయన జేబులో నుంచి భూతద్దం తీసి, ఫోన్ మీద పెట్టి చూసిండు. చూసి నవ్విండు.

“నీ చెయ్యే” అన్నడు.

“నాకు తెలుసు. బ్లాకులు దేనికి చేపిచ్చినవు మామా?”

“పుస్తకానికే బిడ్డా, ముందుగాల. నిజంగ పుస్తకానికే. ఒకనాడు ఊకెనే ఒకటి సిరాల ముంచి, కడిగిన స్టాంపు మీద కొట్టి చూసిన. చూస్తే నాకే తేడా తెల్వలే. బొంబాయి వ్యాపారికి పంపిన. ఆయన లండన్ పంపిండు. ఆడ పెద్ద పెద్దోళ్లు చూసి అసలుదే అన్నరట! గా సంబురం నీకెట్ల చెప్పాలె? కాగజ్‌నగర్‌ల కూసొని లండనోళ్లను…” అని మల్ల నవ్విండు. “ఎవని కడుపు కొట్టినం? ఉన్నోళ్ల సరదా అది.”

“నాతోని పరిశోధన అన్నవు.”

“కాదంటనా? నువ్వు గీసింది పరిశోధననే. నేను చేసింది నేను చేసిన.”

ఇంతవరకు నేను తట్టుకుందును. ఆయన మోసం చేసిండు, నా చేతితోని చేసిండు, అయినా నా చదువు చదువే అని మనసుకు చెప్పుకుందును. కాని నాకు వాకిట్లో కట్టి పెట్టిన నా సందుగ గుర్తొచ్చింది. “మరి నన్నెందుకు పంపిచ్చినవు? అత్తకు ఏమైంది అప్పుడు?” అన్న. మామ భూతద్దాన్ని జేబులో పెట్టుకున్నడు. మల్ల తీసిండు. మల్ల పెట్టుకున్నడు.

“మీ అత్తకేం కాలే. బొంబాయి వ్యాపారికి అనుమానమొచ్చింది. పోలీసులకు ఇస్తనని ఉత్తరం రాసిండు. నా నౌకరి పోతుండె సుగుణా. నాకు పరేషానైంది. మా ఇంట్ల మేనకోడలు ఉంటది, చిన్నపిల్ల, బొమ్మలు బాగ గీస్తది, నాకు తెల్వకుంట ఆటకు చేసి నా పేరు మీద పంపింది, ఇంటి నుంచి పంపిచ్చేసిన అని రాసిన. చిన్నపిల్లనైతే ఎవరేం చేస్తరు? నీకేమన్న అయిందా? ఏం కాలే గద.”

“బాపుకు ఇచ్చిన కవరు?”

ఆయన గోడ దిక్కు చూసిండు. “అదే రాసిన. రేపు ఎవరన్న మీ ఇంటికొచ్చి అడిగితే రెండు తీర్ల మాటలు రావొద్దని. దొంగపని చేసింది, స్టాంపులు తీసింది, నా ఇంట్ల ఇగ పెట్టుకోలేను అని. పిల్లను ఏమనకు బావా అని కూడ రాసిన.”

నాకు ముందు కోపం రాలే. ఆ కవరు నలగకుంట అంత దూరం ఒళ్లో పెట్టుకొని తీసుకపోయింది నేనే. నా సంచిలో నుంచి కాయితం, పెన్ను తీసి ఆయన ముందర పెట్టిన. “సుగుణకు ఏం తెల్వదు, ఆమె ఏ తప్పు చెయ్యలే అని ఒక్క వాక్యం రాసి దస్కత్ పెట్టు మామా. నాకు ఇంకేం వద్దు” అన్న. ఆయన ఆ కాయితాన్ని చేతికి తీసుకున్నడు. పాత అలవాటుకు కిటికీ దిక్కు పైకెత్తి ఎండకు పట్టి చూసిండు. తరువాత బల్ల మీద పెట్టి నా దిక్కు జరిపిండు. “ఇప్పుడెందుకు బిడ్డా? బావ లేడు గద. ఎవరికి చూపెడ్తవు? నా కొడుకు, కోడలు రేపు నన్నేమనుకోవాలె?” అన్నడు. నేను లేచిన. చెప్పులు తొడుక్కుంటుంటే వెనుక నుంచి, “రొట్టె తిని పో బిడ్డా” అన్నడు, ఎప్పటి గొంతుతోనే. ఆ గొంతు మారకపోవుడే నాకు అన్నిటికన్న ఎక్కువ మండింది.

కరీంనగర్ వచ్చి మాధవికి ఫోన్ చేసి, ఇంటికి పిలిచి మొత్తం చెప్పిన. ఆమె రాసుకుంట రాసుకుంట ఒక కాడ పెన్ను ఆపి, “మేడం, మీ మామ పేరు వెయ్యొచ్చునా?” అని అడిగింది. “వెయ్యి. నా పేరు కూడ వెయ్యి. గీసింది నేనే” అన్న. ఆ తరువాత పదిహేను రోజులు కూసొని, నేను గీసిన ముద్రలు ఎన్ని గుర్తుంటే అన్ని, ఎక్కడెక్కడ ముక్కలు కలవకపోతే నా సొంతంగ కలిపిన్నో గుర్తులు పెట్టి, మల్ల గీసి ఇచ్చిన. వాటితోని ఇంకో మూడు నకిలీలు పట్టుకున్నమని ఆమె వచ్చి చెప్పింది. ఇదీ పరిశోధననే కావొచ్చు. కాని పదమూడేండ్లప్పుడు ఆదివారం పొద్దున గళ్ల కాయితం ముందర కూసున్నప్పుడు ఉన్న సంతోషం దీంట్ల లేదు. అప్పుడు ఒక గీత కలిస్తే సముద్రం అవతల ఒక ఊరు నాకు దొరికినట్టుండేది. ఇప్పుడు ఒక్కో గీత గీస్తుంటే ఇంకొక అబద్ధం నా చేతి కింది నుంచి బయటకొస్తున్నది. ఆ ఆదివారాలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంచిగనే ఉంటది, అదే బాధ. అవి చెడ్డగ ఉండి ఉంటే పారేద్దును. ఆయన ఓపిక, ఆయన ముద్దు, నాతోని సమానంగ వాదించుడు, వాటిల్ల ఏది నాకోసం, ఏది నా చేతికోసం అని విడదీసి చూద్దామంటే ఎంత పెద్ద భూతద్దం పెట్టినా తెలుస్తలేదు.

మా అవ్వకు ఎనభై ఆరు. నా దగ్గరనే ఉంటది. కండ్లు సరిగ కనపడవు గని చెవులు మంచిగనే వినపడుతయి. ఆమెకు చెప్పాల్నా వద్దా అని నెలరోజులు ఆలోచన చేసిన. ఎంతైనా తన తమ్ముడు. ఆఖరికి ఒకనాడు పొద్దుగాల ఆమె వాకిట్లో ఎండకు కూసుంటే పక్కన కూసొని చెప్పిన. స్టాంపుల సంగతి ఆమెకు అర్థం కాలే. కవరు సంగతి చెప్పినప్పుడు మాత్రం నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

“గా కవరు వచ్చిన నాడు నాకు గుర్తున్నది” అన్నది. “ఏం రాసిండే అంటే మీ బాపు చెప్పలే. పొయ్యిల వేసి కాలవెట్టిండు. రెండు దినాలు మగ్గం ఎక్కలే. ‘పిల్లను ఏమనకు, ఏమడగకు, దాని బతుకు దాన్ని బతకనియ్యి’ అన్నడు. ఏమైందో ఏమో, ఆడివిల్లకు ఏమన్న చెడు జరిగిందేమోనని నేను లోపల్లోపల కుమిలిన. నేనూ అడగలే.”

“అవ్వా, నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గద. బాపు ఎందుకడగలే?”

“అడిగితే నువ్వు అవునంటవేమోనని భయపడ్డడే. అడగకుంటనే ఉండిపోతే, కాదేమో అని అనుకునే సందు ఉంటది గద ఆయనకు.”

ఎండ అరుగు మీది నుంచి జరిగిపోయింది. నేను అవ్వ కుర్చీని కూడ ఎండలోకి జరిపిన. తన తమ్ముణ్ని ఆమె ఒక్క మాట తిట్టలే, వెనకేసుకొని కూడ రాలే. నా చేతిని ఒళ్లో పెట్టుకొని, నేను చిన్నగున్నప్పుడు బాపు చూసినట్టే, వేళ్లు ఒక్కొక్కటి తడిమి చూసింది. నన్ను అడిగినట్టు కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నది:

“ఇప్పుడు గీ సంగతి పోయినాయనకు ఎట్ల చెప్పుడు?”